చీనీ తోటలో డ్రిప్ పూడ్చడానికి ఎఫ్‌డీ తీయాలా?

అనంతపురం జిల్లా రైతు ఒకరు అడిగారు. ఆయన పేరు మీద ఆరెకరాలు ఉంది, అయిదెకరాల్లో తొమ్మిదేళ్ల చీనీ (బత్తాయి) చెట్లు, మిగిలిన ఎకరంలో ఈ ఏడు మొక్కలు పెడుతున్నారు. డ్రిప్ పైపులను ఎలుకలు, ఉడుతలు కొరికేస్తున్నాయి, సేద్యం చేసేటప్పుడు తెగుతున్నాయి. అన్నీ భూమిలో పూడ్చేద్దామని డీలర్ 4 లక్షలు చెప్పాడట. పాప చదువుకు దాచిన 5 లక్షల ఎఫ్‌డీ తీయాలా, బంగారం కుదవ పెట్టాలా?

అన్నా, రెండూ వద్దు.

పూడ్చిన డ్రిప్ మంచిదే, నీళ్లు ఆవిరి కాకుండా వేరు దగ్గరికే పోతాయి, కలుపూ తగ్గుతుంది. కానీ పైన ఉన్న డ్రిప్పర్ (పైపులో నీటి చుక్కలు వచ్చే చోటు) మూసుకుపోతే కంటికి కనపడుతుంది, లోపలిది మూసుకుపోతే చెట్టు వాడిపోయాకే తెలుస్తుంది. కరెంటు పోయి మోటారు ఆగిన ప్రతిసారీ పైపు ఖాళీ అవుతూ బయటి గాలిని లాక్కుంటుంది, మట్టిలో ఉంటే బురదనూ లాక్కుంటుంది. ఎండాకాలం నీళ్లు తగ్గిస్తే వేర్లు తడి వెతుక్కుంటూ డ్రిప్పర్ రంధ్రంలోకే దూరతాయి. బోరు నీళ్లలోని సున్నం పేరుకుని మూసుకుపోవడం సరేసరి. అందుకే ఎయిర్ వాల్వులు, లైన్ల చివర్లు కలిపి కడగడానికి పైపు, నీటి మీటరు, ప్రెషర్ గేజీలు ఆ 4 లక్షల్లోనే ఉన్నాయేమో అడగండి, లేకపోతే ఆ ధర అసలు ధర కాదు.

పెద్ద చెట్ల పక్కన మాత్రం కాలువ తవ్వొద్దు. పీచు వేర్లు తెగుతాయి, ఆ గాయాల్లోంచి వేరుకుళ్లు వస్తే చీనీ చెట్టు ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అక్కడ ముందు ఒక పరీక్ష చేయండి. తోటలో అక్కడక్కడా 16 డ్రిప్పర్ల కింద మూడు నిమిషాలు గిన్నె పెట్టి కొలవండి. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ అయితే 200 మిల్లీలీటర్లు రావాలి. అతి తక్కువ వచ్చిన నాలుగింటి సగటును మొత్తం సగటుతో భాగించండి. 90 శాతం ఉంటే బాగున్నట్టే, 80 దిగితే ఫిల్టరు శుభ్రం చేసి, లైన్లు కడిగి, సున్నం కరగడానికి తెలిసినవాళ్లతో లైన్లలోకి యాసిడ్ పెట్టించండి. దీనికి లక్షలు అక్కర్లేదు.

పూడ్చాలనుకుంటే కొత్త ఎకరంలో, మొక్కలు పెట్టకముందే పూడ్చండి. డీలర్ లెక్క ప్రకారం 67 వేల దాకా అవుతుంది. ముందు సబ్సిడీకి పెట్టండి, మీది అయిదెకరాలు దాటింది కాబట్టి కేంద్రం పథకంలో 55 శాతం కాదు, 45 శాతం లెక్క, దానిపైన రాష్ట్రం ఇచ్చేది ఉంటుంది. ఆ భూమికి ఇదివరకే సబ్సిడీ తీసుకుని ఉంటే మధ్యలో కొన్నేళ్ల గడువు ఉంటుంది, అదీ కనుక్కోండి.

మిగతా డబ్బుకు ఎఫ్‌డీ పగలగొట్టకుండా దానిమీదే లోన్ తీసుకోండి, మామూలుగా ఎఫ్‌డీ వడ్డీకంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ పడుతుంది. పంట లోన్ ఇందులో పెట్టొద్దు, అది ఏడాదిలో కట్టాల్సింది, డ్రిప్ ఏళ్ల తరబడి పనిచేసేది. బంగారం లోన్‌కూ అదే ఇబ్బంది, చీనీ ధర పడిపోయిన ఏడాదిలో గడువు వస్తే ఆ టెన్షన్ ఇంట్లో అందరిదీ.

గిన్నె పెట్టి కొలిచిన ఆ 16 అంకెలూ పంపండి, పాత అయిదెకరాలకు ఎంత ఖర్చు పెట్టాలో అప్పుడు చూద్దాం.