తెగిన నరం తిరిగి పెరగడానికి విద్యుత్ ప్రేరణ, పీజోఎలక్ట్రిక్ పదార్థాలు ఎలా తోడ్పడతాయి?

చేతిలోనో కాలిలోనో నరం తెగితే అవతలి భాగంలోని ఆక్సాన్లు (నాడీకణాల నుంచి సాగే పొడవాటి పోగులు) క్షీణిస్తాయి. ఇవతలి కొనల నుంచి కొత్తవి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగుతాయి. మోచేతి దగ్గర తెగిన నరం వేళ్లను చేరేసరికి ఏడాది దాటవచ్చు, ఆలోగా కండరాలు చిక్కిపోతాయి. అసలు కష్టం ఈ ఆలస్యమే.

నరాన్ని కుట్టిన వెంటనే 20 హెర్ట్జ్ విద్యుత్ స్పందనలను గంటపాటు ఇస్తే, నాడీకణాలలో బీడీఎన్‌ఎఫ్ వంటి పెరుగుదల కారకాలు ఎక్కువై, ఆక్సాన్లు కుట్టును త్వరగా దాటుతాయని ఎలుకల్లో తేలింది. దాటిన తరువాత అవి పెరిగే వేగం మాత్రం మారదు. ఈ తేడాను చాలామంది గమనించరు. మణికట్టు వద్ద నొక్కుకుపోయిన నరానికి శస్త్రచికిత్స చేయించుకున్న రోగులలోనూ మేలు కనిపించింది.

అయితే ఇందుకు తీగలు, బయటి పరికరం కావాలి. ఒత్తిడికి లోనైనప్పుడు విద్యుదావేశాన్ని పుట్టించే పీజోఎలక్ట్రిక్ పదార్థాలతో నరపు కొనలను కలిపే గొట్టం తయారుచేస్తే, శరీర కదలికల వల్లనో, బయటి నుంచి పంపే అల్ట్రాసౌండ్ వల్లనో గాయం దగ్గరే స్వల్ప విద్యుత్తు పుడుతుంది. ఇలాంటి ప్లాస్టిక్ పదార్థాలలో ఒకటైన పీవీడీఎఫ్ బలంగా స్పందిస్తుంది గాని శరీరంలో కరగదు. మరొకటైన పీఎల్ఎల్ఏ స్పందన తక్కువైనా క్రమంగా కరిగిపోతుంది కనుక, మళ్లీ కోత అవసరం లేని ఆ దారే మేలని నా అభిప్రాయం. ఈ గొట్టాలపై ఆధారాలు ఇంకా ప్రధానంగా జంతు ప్రయోగాలవే. పెద్ద ఖాళీలకు రోగి సొంత నరపు ముక్కను అతికించడమే నేటికీ ప్రామాణిక చికిత్స.