ఒకే ముక్కలో కొలిచావా?

అమ్మలూ,

నువ్వు పీహెచ్‌డీకి ఫెర్రోమాగ్నెటిక్ సూపర్‌కండక్టర్లు, అంటే అయస్కాంతంగా ఉంటూనే నిరోధం లేకుండా కరెంటు పోనిచ్చే పదార్థాలు, తీసుకున్నావని మీ అమ్మ చెప్పగానే గర్వంగా అనిపించింది, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకేమీ దొరకలేదుటే నీకు?

అయస్కాంతత్వానికీ సూపర్‌కండక్టివిటీకీ పొసగదని భౌతిక శాస్త్రవేత్త గింజ్‌బర్గ్ 1950ల్లోనే చెప్పాడు. సూపర్‌కండక్టర్‌లో ఎలక్ట్రాన్లు జతకడతాయి, ఆ మామూలు కూపర్ జంటలో స్పిన్‌లు (ఎలక్ట్రాన్ల బుల్లి అయస్కాంతాలు) ఎదురెదురుగా ఉంటాయి, ఫెర్రోమాగ్నెట్ ఏమో అన్నీ ఒకే వైపు తిరగాలంటుంది. 1977లో చూసిన ఎర్బియం రోడియం బోరైడ్ 8.7 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అయింది, 0.9 దగ్గర అయస్కాంతత్వం రాగానే మళ్ళీ మామూలు లోహమైపోయింది. 2000లో పీడనం కింద యురేనియం జెర్మేనియం సమ్మేళనంలో రెండూ కలిసి కనిపించేసరికి మా తరం నోళ్ళు తెరిచింది. అక్కడ జంటలోని స్పిన్‌లు రెండూ ఒకే వైపు ఉంటాయంటారు, అది నీకు నాకంటే బాగా తెలుసు.

లాగ్‌బుక్ రోజూ రాయి, థర్మామీటర్‌ను నమ్మే ముందు సరిచూసుకో.

ఇక నా తప్పు విను. ఒకసారి నా సాంపుల్‌లో నిరోధం సున్నాకి పడింది, ఫెర్రోమాగ్నెట్‌కి గుర్తయిన హిస్టెరిసిస్ లూప్ కూడా వచ్చింది. ఎగిరి గంతేశాను, కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. నిరోధం ఒక ముక్కలో, అయస్కాంతత్వం ఇంకో ముక్కలో కొలిచానన్నది తట్టనేలేదు. ముక్కంతా సూపర్‌కండక్టర్ అయితే ఆ ఉష్ణోగ్రత దగ్గర స్పెసిఫిక్ హీట్ (విశిష్టోష్ణం) ఒక్కసారిగా ఎగరాలి, ఆ జంప్ ఏది సార్ అని ఒక కుర్రాడు అడిగితే కసిరాను, పాపం వాడు మళ్ళీ నా ముందు నోరు తెరవలేదు. ఆర్నెల్లు పోయాక కొలిస్తే జంప్ లేదు! సూపర్‌కండక్ట్ అయ్యేది గ్రెయిన్ల (సాంపుల్‌లోని చిన్న స్ఫటికాల) అంచుల్లోని సన్నటి మలినమేనట, కరెంటుకి దారి దొరికితే చాలు నిరోధం సున్నా అయిపోతుంది, ముక్కంతా మారనక్కర్లేదు. తప్పయిందని అందరికీ చెప్పుకున్నాను గానీ వాడికి మాత్రం చెప్పలేదు. అది ఇప్పటికీ గుచ్చుతుంది.

అందుకే అన్నీ ఒకే ముక్కలో కొలువు, జంప్ చూశాకే నోరు విప్పు. మాగ్నెట్‌లో పాత ఫీల్డ్ మిగిలిపోయి ఉంటుంది, సున్నా అని స్క్రీన్ చెబితే నమ్మేయకు.

ఇంకోటి, నవ్వకు. సాంపుల్‌ని చల్లబరచడానికి వాడే ద్రవ హీలియం లీటరు ఆవిరైతే దాదాపు 700 లీటర్ల గ్యాస్ అవుతుంది, మూసిన గదిలో ఊపిరాడదు. రాత్రిపూట ఒంటరిగా హీలియం ట్రాన్స్‌ఫర్ చేశావని తెలిసిందో, అక్కడికే వచ్చి చెవి మెలేస్తాను. ఆక్సిజన్ అలారం మోగుతుంటే విసుక్కుని ఆపెయ్యకు తల్లీ.

మొదటి స్పెసిఫిక్ హీట్ గ్రాఫ్ రాగానే నాకు పంపు, జంప్ లేకపోయినా సరే.

పెదనాన్న