అల్యుమ్ని ఆఫీసులో ఉద్యోగం: చేరే ముందు ఏం అడగాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీఏ పూర్తి చేసింది. తిరుపతిలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ అల్యుమ్ని (పూర్వ విద్యార్థుల) ఆఫీసులో ఎగ్జిక్యూటివ్‌గా చేరమంటున్నారు. ఫంక్షన్లు చేసి చందాలు అడగడమే కదా! ఎదుగుదల ఉంటుందా? – ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఫంక్షన్లు ఏడాదిలో రెండో మూడో. మిగతా రోజులన్నీ పూర్వ విద్యార్థుల వివరాలు సరిచూసే ఎక్సెల్ షీటుతోనే గడుస్తాయండి. పాత రిజిస్టరులో ‘కె. వెంకటరమణ’ అని ఉంటుంది. అదే బ్యాచ్‌లో ఆ పేరు వాళ్లు ముగ్గురుంటారు. అమ్మాయిల్లో చాలామందికి పెళ్లయ్యాక ఇంటిపేరు మారి ఉంటుంది. పేరొక్కటే చూసి వెతికితే ఒకరి నంబరు ఇంకొకరి ఖాతాలో చేరుతుంది. అందుకే హాల్‌టికెట్ నంబరు, బ్రాంచి, పాసైన సంవత్సరం మూడూ సరిచూసుకోవాలి. ఇది విసుగనిపిస్తే, ఎంత చక్కగా మాట్లాడగలిగినా ఈ ఉద్యోగంలో నిలవడం కష్టం.

రీయూనియన్‌కు కనీసం ఆరు నెలల ముందు పని మొదలవ్వాలి. ఆఫీసు మెయిలుకు ఎవరూ కదలరు. బ్యాచ్‌లో నలుగురైదుగురిని పట్టుకుంటే (హాస్టల్ నుంచి ఒకరు, డేస్కాలర్లలో ఒకరు, అమ్మాయిల్లో ఒకరు తప్పనిసరి) వాట్సాప్ గ్రూపు వాళ్లే నింపుతారు. తిరుపతిలో ఇంకో చిక్కుంది. బ్రహ్మోత్సవాలప్పుడు తేదీ పెడితే రూములు దొరకవు. అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థులకు సెలవులు దొరికేది డిసెంబరు ఆఖర్లో, వైకుంఠ ఏకాదశి రద్దీ కూడా ఇంచుమించు అప్పుడే. ‘దర్శనం చేయిస్తారా?’ అని అడుగుతారు. ఆ మాట మాత్రం ఇవ్వకూడదు. రూ.300 టికెట్లను టీటీడీ నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతుంది కాబట్టి, తేదీ త్వరగా ఖరారు చేసి ఎవరివి వాళ్లనే బుక్ చేసుకోమనాలి.

ఇక చందాలు. మొదటి ఫోన్‌లోనే డబ్బడిగితే రెండో ఫోన్ ఎత్తరు. స్కాలర్‌షిప్‌కని ఇచ్చిన సొమ్ము భవనానికి మళ్లితే ఆ బ్యాచ్ మొత్తం దూరమవుతుంది. విదేశీ విరాళాల నిబంధనలూ తెలియాలి: భారత పాస్‌పోర్టున్న ఎన్నారై సొంత సంపాదన లోంచి ఇస్తే అది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారిది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వారికిచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. ట్రస్టులు, సొసైటీలు దాన్ని తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అనుమతి, ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి.

చేతికందే ఫలం ఆలస్యం. 1954లో పుట్టిన ఎస్వీ యూనివర్సిటీకి రిటైరైన పూర్వ విద్యార్థులున్నారు. 2015లో మొదలైన తిరుపతి ఐఐటీ తొలి బ్యాచ్ బయటికొచ్చింది 2019లో. కొత్త సంస్థల పూర్వ విద్యార్థులింకా ఇంటి లోన్ల వయసువాళ్లు, పెద్ద విరాళాలు రావు. వాళ్లిచ్చేది రిఫరల్, ఇంటర్న్‌షిప్, మాక్ ఇంటర్వ్యూ. ఒక సీనియర్ మాటతో ఏ పీలేరు కుర్రాడికో ఇంటర్వ్యూ కాల్ వస్తే, ఈ పనిలో అసలు తృప్తి అదే. పరిచయాలు పెరిగితే ప్లేస్‌మెంట్ సెల్‌కో, స్వచ్ఛంద సంస్థల నిధుల సేకరణకో, కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) విభాగానికో మారొచ్చు. జీతం మాత్రం సాఫ్ట్‌వేర్‌తో పోల్చకండి. అమెరికా వాళ్లతో మాట్లాడాలంటే రాత్రి ఎనిమిది తర్వాతే కుదురుతుంది, అదీ లెక్కలో పెట్టుకోండి.

ఆఫర్ ఒప్పుకునే ముందు అమ్మాయిని ఇవి అడగమనండి: పోస్టు రెగ్యులరా, కాంట్రాక్టా? విరాళాల టార్గెట్ ఉందా? ఎవరికి రిపోర్ట్ చేయాలి? పూర్వ విద్యార్థుల సంఘం రిజిస్టరైందా? వాళ్ల జాబితాలో పనిచేసే నంబర్లు ఎన్ని? చివరి దానికి జవాబు రాకపోతే, న్యాక్ (విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే సంస్థ) గుర్తింపు కోసం హడావిడిగా తెరిచిన ఆఫీసేమో ఆరా తీయండి. గుర్తింపు వచ్చాక అలాంటి చోట పని ఉండదు.