ఎక్స్‌టెన్షన్‌కి ‘యాడ్’ నొక్కితే అన్నిటికీ ఒప్పుకున్నట్టేనా?

ప్రశ్న: సార్, దిల్‌సుఖ్‌నగర్‌లో నాది చిన్న ట్యాక్స్ కన్సల్టెన్సీ, జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తాం. మా దగ్గర పనిచేసే అబ్బాయి ఆఫీసు కంప్యూటర్లో, క్రోమ్‌లో స్క్రీన్‌షాట్లు తీసే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) వేశాడు. అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదువుతాం, మారుస్తాం అని పర్మిషన్ అడిగితే చూడకుండా యాడ్ నొక్కేశాడు. ఇప్పుడు నేను దాని ప్రైవసీ పాలసీ చదివితే, మనం తెరిచే పేజీల వివరాలు పార్ట్‌నర్లకి ఇస్తామని రాసి ఉంది. ఈమధ్య ఇద్దరు క్లయింట్లకి లోన్ కాల్స్ కూడా ఎక్కువయ్యాయట. మేమే ఒప్పుకున్నాం కాబట్టి ఇక ఏం చేయలేమా? క్లయింట్లు మా మీద కేసు వేస్తారా?

జవాబు: ముందు ఆ అబ్బాయిని తిట్టకండి, ఆ బాక్స్ చదివి నొక్కేవాళ్లు నా క్లయింట్లలో కూడా ఎక్కువ మంది లేరు. రెండోది, కంగారులో ఆ ఎక్స్‌టెన్షన్‌ని డిలీట్ చేయకండి. ఎక్స్‌టెన్షన్ల పేజీలో దాన్ని ఆఫ్ చేసి పెట్టండి, అక్కడే డీటెయిల్స్ నొక్కితే దాని వెర్షన్, పర్మిషన్లు, 32 అక్షరాల ఐడీ కనిపిస్తాయి, అవన్నీ ఫోటో తీయండి, ప్రైవసీ పాలసీ పేజీని తారీఖు పడేలా పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోండి ఎందుకంటే రేపు వాళ్లు ఆ పాలసీ మార్చేస్తే మీ చేతిలో ఏమీ మిగలదు. ఇవన్నీ అయ్యి, కింద చెప్పే సైబర్ నిపుణుడు చూశాకే తీసేయండి. ఈలోగా వేరే కంప్యూటర్ నుంచి పాస్‌వర్డులు మార్చి, అన్ని డివైజుల్లో లాగౌట్ కొట్టండి. రేపు కోర్టులో ఈ స్క్రీన్‌షాట్లు చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియం (కొత్త ఎవిడెన్స్ చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, కాబట్టి ఎవరు తీశారు, ఏ కంప్యూటర్లో తీశారు అనేది ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇక మీ అసలు డౌట్. యాడ్ నొక్కాడు కాబట్టి అన్నిటికీ ఒప్పుకున్నట్టే అని వాళ్లు వాదిస్తారు, నేను మాత్రం అస్సలు ఒప్పుకోను. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం సెక్షన్ 6లో ఒక ఉదాహరణ ఇచ్చారు, అది చదివితే మీ కేసు కోసమే రాశారా అనిపిస్తుంది. ఒకావిడ ఫోన్లో డాక్టర్‌తో మాట్లాడే యాప్ వేసుకుంది, యాప్ వైద్యానికి వివరాలు అడిగింది, పనిలో పనిగా కాంటాక్ట్ లిస్టు కూడా అడిగింది, ఆవిడ రెండిటికీ సరే అంది. వైద్యం చేయడానికి కాంటాక్ట్ లిస్టుతో పని లేదు కాబట్టి ఆవిడ సమ్మతి వైద్యం వరకే ఇచ్చినట్టు లెక్క అని చట్టమే చెప్పింది. మీ విషయానికొద్దాం. స్క్రీన్‌షాట్ తీయడానికి మనం బటన్ నొక్కినప్పుడు ఎదురుగా ఉన్న ఒక్క ట్యాబ్ మీద అనుమతి ఉంటే చాలు, క్రోమ్‌లో అలాంటి చిన్న పర్మిషన్ వేరేగా ఉంది కూడా. అన్ని సైట్లూ చదవాల్సిన అవసరం ఆ పనికి లేదు, చదివింది పక్కవాడికి ఇవ్వాల్సిన అవసరం అసలే లేదు. ఇంట్లో ట్యాప్ బాగుచేయమని తలుపు తీస్తే బీరువా తెరవమని చెప్పినట్టు కాదు కదండీ.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది, దాచకుండా చెప్తాను. ఆ చట్టం రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి గానీ, సమ్మతి, నోటీసు, భద్రత లాంటి ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలలు టైమిచ్చారు, అంటే అవి అమల్లోకి వచ్చేది 2027 మేలో. అప్పటిదాకా మనకి ఆధారం 2000 నాటి ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం, అంటే ఐటీ యాక్టే. అందులో సెక్షన్ 43, కంప్యూటర్ ఓనర్ అనుమతి లేకుండా డేటా కాపీ చేస్తే నష్టపరిహారం. అదే పని మోసపు ఉద్దేశంతో చేస్తే సెక్షన్ 66, మూడేళ్ల దాకా జైలు. సర్వీసు పేరుతో తీసుకున్న వ్యక్తిగత వివరాలని లాభం కోసం బయటపెడితే 72ఏ, దీనికీ మూడేళ్ల దాకా. కంపెనీ ఏ దేశంలో ఉన్నా కంప్యూటర్ ఇక్కడుంటే సెక్షన్ 75 ప్రకారం చట్టం వర్తిస్తుంది, కాకపోతే విదేశంలో ఉన్నవాడి దగ్గర డబ్బు వసూలు చేయడం కష్టమైన పని, అది ముందే తెలుసుకుని దిగండి.

పరిహారం కోసం మామూలు సివిల్ కోర్టుకి వెళ్లక్కర్లేదు. 5 కోట్ల లోపు క్లెయిములకి సెక్షన్ 46 కింద రాష్ట్ర ఐటీ సెక్రటరీయే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ (విచారించి పరిహారం తేల్చే అధికారి), ఆ సంగతి చాలామంది వకీళ్లకి కూడా గుర్తుండదు. కొత్త చట్టం పూర్తిగా అమలైతే డేటా ప్రొటెక్షన్ బోర్డు 250 కోట్ల దాకా జరిమానా వేయగలదు, వినడానికి బాగుంటుంది, కానీ ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకి పోతుంది, నష్టపోయిన మనిషికి ఒక్క రూపాయి రాదు, పైగా డేటాని జాగ్రత్తగా కాపాడని సంస్థ నష్టపోయినవాళ్లకి పరిహారం కట్టాలనే ఐటీ యాక్ట్‌లోని సెక్షన్ 43ఏ అప్పుడు రద్దవుతుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

లోన్ కాల్స్ సంగతి. అవి ఈ ఎక్స్‌టెన్షన్ వల్లే అని మీరిచ్చిన వివరాలతో రుజువు చేయలేం, నంబర్లు వంద చోట్ల నుంచి బయటికి పోతాయి. పర్మిషన్ ఉండడం వేరు, డేటా బయటికి పంపడం వేరు. ఆ కంప్యూటర్ని ఫార్మాట్ చేయకుండా పక్కన పెట్టి తెలిసిన సైబర్ నిపుణుడికి చూపించండి, ఎక్స్‌టెన్షన్ ఏ సర్వర్‌కి ఏం పంపుతోందో వాళ్లు పట్టుకోగలరు, ఆ రిపోర్టు ఉంటే మీ కేసుకి ప్రాణం వచ్చినట్టే. ఇలాంటివి జరగవని కూడా అనుకోకండి, అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల ద్వారా కూడా సేకరించిన జనాల బ్రౌజింగ్ వివరాలు అమ్మిందన్న కేసులో 2024లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీకి 1.65 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది, అది కూడా ప్రైవసీ కాపాడతామని చెప్పుకుంటూ చేసిన వ్యాపారం.

ఇప్పుడు మీకు నచ్చని భాగం. క్లయింట్ల దృష్టిలో మీరు బాధితులు కాదు, వాళ్ల కాగితాలు నమ్మి ఇచ్చింది మీకు. 43ఏలో బాడీ కార్పొరేట్ అంటే పెద్ద కంపెనీ అనుకుంటారు, కాదు, ఒక్కడే నడిపే ప్రొప్రైటర్‌షిప్ కూడా అందులోకి వస్తుంది. పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు సున్నితమైన డేటా కిందకి వస్తాయి, మీ అజాగ్రత్త వల్ల వాళ్లకి నష్టం జరిగిందని తేలితే మీరు కట్టాలి. అబ్బాయి చేశాడు నేను చేయలేదు అంటే నడవదు. 2027 మే తర్వాతైతే ఇలాంటి లీక్ జరిగితే ప్రతి క్లయింట్‌కీ, బోర్డుకీ చెప్పి తీరాలి, బోర్డుకి పూర్తి వివరాలు 72 గంటల్లో ఇవ్వాలి.

అందుకని దాచిపెట్టకుండా ఈ వారంలోనే ఆ కంప్యూటర్లో ఎవరెవరి పోర్టళ్లు తెరిచారో లిస్టు తీసి, వాళ్లకి ఫోన్ చేసి చెప్పండి, పాస్‌వర్డ్ మార్చుకోమనండి, వాట్సాప్‌లో కూడా అదే రాసి పంపండి, రేపు జాగ్రత్త తీసుకున్నారనడానికి అదే మీ సాక్ష్యం. ఎవరి ఖాతాలోంచైనా డబ్బు పోయుంటే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయించండి, బ్యాంకుకి మూడు పనిదినాల్లోపు చెప్పించండి. డబ్బు పోకపోతే నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్లో కంప్లైంట్ పెట్టి, ఆ నంబర్ తీసుకుని మీ ఏరియా పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి, మా పరిధి కాదని తిప్పి పంపడానికి వీల్లేదు, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 173 ఎక్కడైనా ఫిర్యాదు ఇవ్వొచ్చని చెప్తోంది. లోన్ కాల్స్ వచ్చే ఆ ఇద్దరినీ అక్కర్లేని కాల్స్ మీద ఫిర్యాదు తీసుకునే 1909కి రిపోర్ట్ చేయమనండి, ఏ నంబర్ నుంచి ఏ టైముకి వచ్చిందో రాసి పెట్టుకోమనండి. నిపుణుడి రిపోర్టు చేతికొచ్చాక ఆ కాగితాలన్నీ పట్టుకుని రండి, 43 కింద ఐటీ సెక్రటరీ దగ్గర వేయాలా, పోలీసు కేసుతో ఆపాలా అనేది అప్పుడు కూర్చుని చూద్దాం.