గ్యారేజ్‌లో తూటాల పోత.. కొడుకు రక్తంలో సీసం 24.. ఇంట్లో పసివాడికీ ప్రమాదమా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయికి 36 ఏళ్లు, టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్లుగా ఇంటి గ్యారేజ్‌లో సీసం కరిగించి, అచ్చుల్లో పోసి, తన చిన్న సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌కు తూటాలు తనే తయారు చేసుకుంటున్నాడు. అక్కడ అది మామూలేనట. ఈమధ్య కడుపునొప్పి, మలబద్ధకం, ఊరికే చిరాకు. రక్త పరీక్షలో సీసం 24 అని వచ్చింది. ‘ఫ్యాక్టరీల్లో 40 దాకా ఉన్నా పని చేయనిస్తారమ్మా, టెన్షన్ పడొద్దు’ అంటున్నాడు. కోడలికి ఐదో నెల. మనవడికి రెండేళ్లు. ఇదంతా పొగ వల్లేనా? రోజూ బెల్లం ముక్క తింటే సీసం పోతుందంటారు, నిజమేనా? పురిటికి నేను వెళ్లాలి. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
- ఓ పాఠకురాలు, చిత్తూరు

డాక్టర్ సలహా: అమ్మా, మీ దిగులంతా అబ్బాయి గురించే. నాకు మాత్రం ముందు మీ మనవడు, ఆ తర్వాత కోడలు గుర్తొచ్చారు. వాళ్లిద్దరికీ ఇంకా పరీక్ష చేయించలేదేమో. ఈ వారమే చేయించమనండి.

ముందు ఆ 40 సంగతి. అమెరికాలో 1978లో పెట్టిన ఫ్యాక్టరీ నిబంధనలో ఆ అంకె ఉన్న మాట నిజమే. సీసం ఎక్కువై పని నుంచి పక్కకు తప్పించిన కార్మికుడు 40 లోపుకు దిగితే మళ్లీ పనిలోకి రావచ్చని దాని అర్థం. 40 వరకు ఆరోగ్యంగా ఉంటాడని కాదు. డెసీలీటరు (100 మిల్లీలీటర్లు) రక్తంలో 5 మైక్రోగ్రాములు దాటితే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల విషయంలో అమెరికా వాళ్లే 2021లో ఆ గీతను 3.5కు దించారు. మీ అబ్బాయి చెప్పే కడుపునొప్పి, మలబద్ధకం, చిరాకు సీసం వల్ల రావచ్చు. బీపీ, హిమోగ్లోబిన్, కిడ్నీ పరీక్షలు కూడా చేయించాలి.

ఇక పొగ. అందరూ దాన్నే అనుమానిస్తారు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పోత పోసేవాళ్లు దాన్ని 370, 400 దాకా వేడి చేస్తారు. ఆ వేడికి సీసం ఆవిరి అయ్యేది తక్కువే. కంటికి కనిపించే పొగ చాలావరకు, మలినాలు తేలడానికి వేసే మైనానిదో రంపపు పొట్టుదో. అసలు శత్రువు దుమ్ము. కరిగిన సీసం మీద తేలే బూడిదరంగు తెట్టు తీసి పక్కన పెడతారు కదా, అది ఆరాక పిండిలా రేగుతుంది. దాని కంటే మోసం చేసేది ఇంకొకటి ఉంది. పేల్చేసిన ఇత్తడి తొడుగులను మళ్లీ వాడటానికి, మొక్కజొన్న కంకుల పొడిలో వేసి గిరగిరా తిప్పే మెషీన్‌లో శుభ్రం చేస్తారు. తూటాను మండించే ప్రైమర్‌లో చాలావరకు సీసం ఉప్పే ఉంటుంది. దాని మసి ఆ పొడిలో చేరుతుంది. మూత తీసి జల్లెడ పట్టినప్పుడు లేచే దుమ్ము సన్నగా ఉంటుంది, ఊపిరితో తేలిగ్గా లోపలికి పోతుంది. తూటాలకు రంగు పూత వేస్తున్నాననో, గ్లవ్స్ వేసుకుంటున్నాననో మీవాడు అనొచ్చు. చేతికి అంటేది కొంత తగ్గుతుంది, మంచిదే. ప్రైమర్ మసికి మాత్రం ఆ పూతతో సంబంధం లేదు. నాలుగు గోడల మధ్య ఉండే షూటింగ్ రేంజ్‌కు వెళ్తుంటే అక్కడి గాలిలో పీల్చే సీసం దీనికి అదనం.

చిన్న పిస్టల్ తూటా ఒక్కటి సుమారు 6 గ్రాములు, అంటే 60 లక్షల మైక్రోగ్రాములు. రెండేళ్ల బిడ్డ ఒంట్లో రక్తం లీటరుకు కాస్త తక్కువ. ఆ మొత్తం రక్తంలో 30 మైక్రోగ్రాములు ఉంటే చాలు, 3.5 గీత దగ్గరకు వచ్చేసినట్టే. పైగా పెద్దవాళ్లు మింగిన సీసంలో పదో వంతు ఒంటికి పడితే, పసివాళ్లకు సగం దాకా పడుతుంది. వాళ్లు నేల మీద పాకుతారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. దెబ్బ తగిలేది మెదడుకు. లక్షణాలేమీ కనిపించకుండానే తగలొచ్చు.

అందుకే ఆ ఇంట్లో గ్యారేజ్ ఎలా ఉందో అడగాలనిపించింది. అక్కడి మనవాళ్ల ఇళ్లలో బియ్యం మూటలు, రెండో ఫ్రిజ్, ఊరగాయ జాడీలు గ్యారేజ్‌లోనే ఉంటాయి. వాసన వస్తుందని తాలింపు స్టవ్ కూడా అక్కడే. తలుపు తీస్తే నేరుగా ఇంట్లోకి. మీరు వెళ్లేలోపే తిండి సామాను మొత్తం అక్కడి నుంచి తీసేయించండి. ప్రసవమై, పిల్లల పరీక్షలు సరిగ్గా వచ్చేదాకా ఆ పోత, ఆ తిప్పుడు మెషీన్ రెండూ ఆపేయమనండి. గ్యారేజ్‌లో వేసుకున్న చెప్పులు, బట్టలు ఇంట్లోకి రాకూడదు, బట్టలు విడిగా ఉతకాలి. మీరు చేయకూడని పని ఒకటుంది: వెళ్లీవెళ్లగానే చీపురు పట్టుకోవద్దు. ఊడిస్తే దుమ్ము లేచి ఇల్లంతా పరుచుకుంటుంది. తడిగుడ్డతోనే తుడవాలి, గుడ్డ పారేయాలి. ఆ పని కూడా అబ్బాయే చేయాలి, కోడలు గ్యారేజ్ గడప దాటకూడదు.

బెల్లం సంగతి. బెల్లం తింటే సీసం పోదు. పాలు తాగినా కడుక్కుపోదు. అయితే ఒంట్లో ఐరన్, కాల్షియం తక్కువైతే పేగులు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటాయి. కోడలికి డాక్టరు రాసిన ఐరన్, కాల్షియం మాత్రలు మానకూడదు. మన రాగి సంకటి, పెరుగు బాగా పనికొస్తాయి. గర్భంలో బిడ్డ ఎముకల కోసం తల్లి ఎముకల్లోని కాల్షియం కరుగుతుంది, ఎప్పుడో అక్కడ దాగిన సీసం కూడా దాంతో బయటికొచ్చి మాయ దాటుతుంది. కాబట్టి కోడలికి అంకె తక్కువ వచ్చినా ప్రసవం దాకా మళ్లీ మళ్లీ చూడాలి. పాలివ్వడం గురించి భయపడకండి. తల్లి రక్తంలో 40 లోపు ఉంటే ఇవ్వవచ్చనే చెబుతారు.

అబ్బాయికి 24 దగ్గర సీసాన్ని బయటికి లాగే మందులు అవసరం లేదు. ఆన్‌లైన్‌లో దొరికే ‘డిటాక్స్’ క్యాప్సూల్స్ అసలు వద్దు. పని ఆపితే రక్తంలోది నెల, నెలన్నరలో సగానికి రావాలి. ఆ తర్వాత మాత్రం, రెండేళ్లుగా ఎముకల్లో చేరింది తిరిగి ఊరుతుంటుంది కాబట్టి మెల్లగానే దిగుతుంది. నెలకోసారి రక్తం నరం నుంచి తీసి చూడాలి. వేలు గుచ్చి తీస్తే చర్మం మీది దుమ్మే లెక్కలోకి వచ్చేయొచ్చు.

ఇంకోటి. సీసం ఇంట్లోకి వచ్చే దారి గ్యారేజ్ ఒక్కటే కాదు. మన చిత్తూరు వైపు చారు కాచుకునే ఈయపు చెంబు ఉంటుంది కదా, అసలైనది తగరం, దానితో భయం లేదు. కొన్నిచోట్ల సీసం కలిపినవి అమ్ముతారు. కోడలి కోసం అలాంటిది కొని తీసుకెళ్లకండి. బాబుకు పెట్టే కాటుక, అబ్బాయి వాడే ఏవైనా భస్మాలు కూడా అక్కడి డాక్టరుకు చెప్పండి. నాగభస్మం అంటే సీసపు భస్మమే.

అబ్బాయి ఎప్పుడైనా ఇండియా వచ్చేసినా ఈ హాబీ ఇక్కడ కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం.

మీరు నిశ్చింతగా బయల్దేరండి. బాబు రిపోర్టు రాగానే అంకె రాసి పంపండి. 3.5 దాటితే మీరు చేరేలోపే ఇంటి నేలను, ఆటబొమ్మలను ఎలా తుడవాలో వేరేగా చెబుతాను.