పెళ్లిలో ఫిల్మ్ కెమెరాకి ఫ్లాష్ ఎలా వాడాలి?

మీరు రాసినదాన్ని బట్టి పెంటాక్స్ కె1000, ఐఎస్ఓ 400 (ఐఎస్ఓ అంటే రీలు వెలుగుని పట్టే వేగం) కలర్ నెగెటివ్ రీలు, గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం చెప్పే అంకె) 28 (ఐఎస్ఓ 100కి, మీటర్లలో) ఉన్న ఆటో ఫ్లాష్ ఉన్నాయి. మీ చెల్లెలి పెళ్లికి ఇవి చాలు.

షట్టర్ 60 (అంటే సెకనులో 60వ వంతు) మీద పెట్టండి. కె1000లో అడ్డంగా పరిగెత్తే గుడ్డ తెర ఉంటుంది. 125 పెడితే ఫ్లాష్ వెలిగే క్షణానికి అది పూర్తిగా తెరుచుకోదు, ఫొటోలో ఒక పక్క నల్లగా పోతుంది. హాల్లో దీపాల వెలుగు కూడా పడాలంటే 30కి దిగొచ్చు.

ఐఎస్ఓ 400కి గైడ్ నంబర్ 56 అవుతుంది. దాన్ని దూరంతో భాగిస్తే పెట్టాల్సిన అపర్చర్ (లెన్స్ రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ పెద్దది) వస్తుంది: 3.5 మీటర్లకి ఎఫ్16, 5కి ఎఫ్11, 7కి ఎఫ్8. ఇది మాన్యువల్ లెక్క. దూరం ఎంతో ఫోకస్ చేశాక లెన్స్ రింగే చెబుతుంది.

ఫ్లాష్ తనే వెలుగు కొలుచుకునే ఆటోలో పెడితే మన పెళ్లిళ్లలో అసలు చిక్కు మధుపర్కాలు. ఫ్లాష్ సెన్సర్‌కి ఆ తెలుపు కనబడగానే వెలుగు చాలనుకుని ముందే ఆపేస్తుంది, ముఖాలు నల్లబడతాయి. అందుకే ఫ్లాష్ చెప్పిన అపర్చర్ కంటే ఒక స్టాప్ (వెలుగు రెట్టింపయ్యేంత) ఎక్కువ తెరవండి, ఎఫ్8 అంటే ఎఫ్5.6. నెగెటివ్ రీలు ఒక స్టాప్ ఎక్కువైనా హాయిగా తట్టుకుంటుంది. తక్కువైతే మాత్రం నీడలు బురదలా, గింజలు గింజలుగా వస్తాయి, ల్యాబులో ఎవరూ బాగుచేయలేరు.

పెళ్లికూతుర్ని చేసేది ఇంట్లోనే, తెల్లటి స్లాబు కిందే అయితే ఫ్లాష్‌ని పైకప్పు మీదకి తిప్పండి. అపర్చర్ ఎఫ్4, సెన్సర్ మాత్రం మనుషుల వైపే ఉండాలి. చర్మం ఎంత మెత్తగా వస్తుందో చూస్తారు. రంగుల షామియానా కింద మాత్రం వద్దు, ఆ రంగంతా ముఖాల మీదకి దిగుతుంది.

బంధువుల గ్రూపు ఫొటోకి దగ్గరికి వెళ్లకండి. ముందు వరస 2 మీటర్లు, వెనక వరస 4 మీటర్ల దూరంలో ఉంటే వెనకవాళ్లకి పావు వంతు వెలుగే చేరుతుంది. ముందు వరసకి 5 మీటర్ల దూరం ఉండేలా వెనక్కి జరిగితే ఆ తేడా బాగా తగ్గుతుంది. హోమం దగ్గర పొగకి ఎదురుగా నిలబడితే ఫ్లాష్‌కి పొగే తెల్లగా మెరుస్తుంది, పక్కకి జరగండి.

ఫ్లాష్ మీద రెడీ లైటు వెలిగినా ఛార్జి పూర్తయినట్టు కాదు, ఇంకో రెండు మూడు సెకన్లు ఆగండి. జీలకర్ర బెల్లం ముందు కొత్త బ్యాటరీలు వేసి, రీల్లో 30 ఫొటోలు దాటి ఉంటే అదీ మార్చేయండి.

రీలు వేయకముందే ఒక పరీక్ష: కెమెరా వెనక మూత తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, 60లో గోడ వైపు ఫ్లాష్ కొట్టండి. వెనక నుంచి చూస్తే చట్రమంతా ఒక్కసారిగా వెలగాలి. చీకటిగానే ఉంటే హాట్ షూ (కెమెరా మీద ఫ్లాష్ బిగించే చోటు) మీది మురికి తుడిచి మళ్లీ చూడండి.