కౌంటీ నిలిచింది, పైవాళ్లు మారారు

ప్రశ్న: మాస్టారూ, మా చెంగల్పట్టు 2019లో వేరే జిల్లా అయింది. ఆంధ్రలో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. చైనాలో మాత్రం కౌంటీలు రెండు వేల ఏళ్లుగా ఉన్నాయని చదివాను. నిజమేనా? ఒక పల్లెటూరి కౌంటీని తీసుకుని చెప్పండి.
- ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, సగం నిజం. క్రీ.పూ. 221లో చిన్ చక్రవర్తి దేశాన్నంతా ఒకటి చేసినప్పుడు 36 పెద్ద ప్రాంతాలుగా విడగొట్టి, వాటి కింద కౌంటీలనే చిన్న పాలనా విభాగాలు పెట్టాడు. అంతకుముందు కూడా కొన్ని రాజ్యాల్లో కౌంటీలు ఉండేవి. ఆ అంచె ఇప్పటికీ ఉంది. పేర్లు, హద్దులు, పై ఆఫీసులు మాత్రం మారుతూనే వచ్చాయి.

అన్‌హుయ్ రాష్ట్రంలో, హువాయ్ నదికి దక్షిణాన ఉన్న ఫెంగ్‌యాంగ్‌ను చూద్దాం. వరదలకూ కరువులకూ పేరుపడ్డ నేల. మింగ్ వంశాన్ని స్థాపించిన జూ యువాన్‌జాంగ్ ఈ ప్రాంతంలోనే నిరుపేద కుటుంబంలో పుట్టాడు. 1344లో కరువు, అంటురోగం కలిసి తల్లిదండ్రుల్ని పొట్టన పెట్టుకుంటే గుడిలో చేరి బిచ్చమెత్తి బతికాడు. 1368లో చక్రవర్తి అయ్యాక సొంత గడ్డ మీద రాజధాని కట్టడం మొదలుపెట్టి, 1375లో ఆపించేశాడు. ఫెంగ్‌యాంగ్ కౌంటీ ఆ రోజుల్లో ఏర్పడిందే. అప్పట్లో అది నాన్‌జింగ్ పాలన కింద ఉండేది. అన్‌హుయ్ వేరే రాష్ట్రమైంది 1667లో. చక్రవర్తులు పోయాక రాష్ట్రానికీ కౌంటీకీ మధ్యలో ఉన్న పాత విభాగాన్ని ఎత్తేశారు. ఇప్పుడు ఫెంగ్‌యాంగ్ చుజౌ నగర పాలన కింద ఉంది.

మాది తిరుత్తణి వైపు. చిత్తూరు జిల్లాలో ఉండేవాళ్లం. 1960 ఏప్రిల్ 1న చెంగల్పట్టు జిల్లాలోకి, 1997లో తిరువళ్లూరు జిల్లాలోకి వచ్చాం. అర్జీ పట్టుకుని ఏ ఊరు వెళ్లాలో మారినప్పుడు ముసలివాళ్లకు ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే పాలన చరిత్ర చదివేటప్పుడు ఎవరు ఎవరి కింద ఉన్నారన్నదాని కంటే, పల్లెలో మాట పైదాకా ఎలా వెళ్లేదన్నదే నేను ముందు చూస్తాను.

పాతకాలంలో కౌంటీ అధికారి పెద్ద పరీక్షలు రాసి వచ్చేవాడు. సొంత రాష్ట్రంలో పోస్టింగ్ ఇచ్చేవారు కాదు. కొన్నేళ్లకే బదిలీ. భాషా కొత్తే, భూమీ కొత్తే. లెక్కలన్నీ స్థానిక గుమాస్తాల చేతుల్లో ఉండేవి, మన కరణాల దగ్గర ఉన్నట్టే. పన్ను వసూలు, తగాదాల తీర్పు, కరువులో గింజల పంపకం అన్నీ ఆ ఒక్క కచేరీ నుంచే. అధికారి మంచివాడైనా, గుమాస్తా దాచిన సంగతి అతనికి తెలిసే దారి లేదు.

1958లో కౌంటీ కింద, పల్లెల భూమినీ పనినీ ఉమ్మడి చేసిన ప్రజా కమ్యూన్లు వచ్చాయి. పంట ఎంత ఎక్కువ చూపిస్తే అంత మెప్పు. లేని ధాన్యం కాగితాల్లో పెరిగింది, ఆ కాగితాన్ని బట్టి ప్రభుత్వం ఉన్న ధాన్యాన్ని పట్టుకుపోయింది. ఆ తర్వాతి కరువులో జనాభాతో పోలిస్తే ఎక్కువగా నష్టపోయిన రాష్ట్రం అన్‌హుయ్. ఫెంగ్‌యాంగ్‌లోనూ వేలమంది చనిపోయారు. ఇది ప్రకృతి ఒక్కటే చేసిన పని కాదు. కింద నుంచి నిజం చెబితే శిక్షించే పాలన చేసిన పని. ఈ మాట గట్టిగా చెప్పాలి.

అదే కౌంటీలో 1978 చివర్లో షియావ్‌గాంగ్ అనే పల్లెలో 18 మంది రైతులు రహస్యంగా భూమి పంచుకుని, కాగితం మీద వేలిముద్రలు వేశారు. తమలో ఎవరైనా జైలుకు వెళ్తే వాళ్ల పిల్లల్ని మిగతావాళ్లు పెంచాలని కూడా రాసుకున్నారని చెబుతారు. ఇది నిబంధనలకు విరుద్ధం. కౌంటీ కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి చెన్ తింగ్‌యువాన్‌కు సంగతి తెలిసింది. ఆపించి తన ఉద్యోగం భద్రం చేసుకోవచ్చు. ఆయన ఆపలేదు, సాగనిచ్చాడు. మరుసటి ఏడు పంట బాగా పండింది. రాష్ట్ర పార్టీ నాయకుడు వాన్ లీ 1980లో స్వయంగా వచ్చి చూసి సమర్థించాడు. తర్వాత కమ్యూన్లు రద్దయ్యాయి, వాటి స్థానంలో కౌంటీ కింది అంచెగా టౌన్‌షిప్‌లు వచ్చాయి. ఆ రైతుల ధైర్యాన్ని అందరూ తలుచుకుంటారు. ఆ కార్యదర్శి పేరు కూడా పక్కనే ఉండాలని నా అభిప్రాయం.

ఇక ఇప్పటి సంగతి. ఈ మధ్య దశాబ్దాల్లో చాలా కౌంటీలను 'నగరం' చేశారు. హెబెయ్ రాష్ట్రంలో డింగ్ కౌంటీ 1986లో డింగ్‌జౌ నగరమైంది, చుట్టూ ఉన్న పల్లెలు, పొలాలతో సహా. ఫెంగ్‌యాంగ్ ఇప్పటికీ కౌంటీయే.